మా ఘటోత్కచుడి నేపథ్య సంగీతం

1932లో 'భక్త ప్రహ్లాద'తో మన తెలుగు తెరకి మాట వచ్చింది. 1963లో 'లవకుశ'తో పూర్తి రంగులు వచ్చాయి. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో స్కోపు వచ్చింది. 1986లో 'సింహాసనం'తో 70 ఎం.ఎం. కూడా వచ్చేసింది. ఇక ఇప్పటి హాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, నెత్తి మీంచి కూడా ఉరుములు వినిపిస్తున్నాయి. ఇన్ని వచ్చాయి గానీ, మామూలు హాళ్ళలో ఒక్కటి మాత్రం తెర దాటి మన దాకా రాలేదు. వాసన!

రాకపోవడమే మంచిదయిందంటాను నేను.

అలాగని ప్రయత్నించినవాళ్ళు లేకపోలేదు. 1960లో అమెరికాలో 'సెంట్ ఆఫ్ మిస్టరీ' అనే సినిమాకి కుర్చీల దాకా గొట్టాలు అమర్చి, సీనుకి తగ్గ వాసనల్ని ప్రేక్షకుల ముక్కులకి పంపించారు. ఆ పద్ధతి నిలబడలేదు. 1981లో జాన్ వాటర్స్ అనే డైరెక్టరు 'పాలిస్టర్' తీసి, ప్రేక్షకులందరికీ తలా ఒక అట్టముక్క పంచిపెట్టాడు. దాని మీద 1 నుంచి 10 దాకా అంకెలు. తెర మీద ఏ అంకె పడితే ఆ అంకెని గోటితో గీకి వాసన చూడాలన్నమాట. మొదటిది గులాబీ. ఆహా అనుకుని ఉత్సాహంగా రెండోది గీకితే... అపానవాయువు! డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కున్న జనం, చేతులారా గీకి మరీ పీల్చారు పాపం!

మా ఇంట్లో వాళ్ళకి ఆ అట్టముక్క అవసరం లేదు. మాకు ఘటోత్కచుడున్నాడు.

హీరో పరిచయం

ఘటోత్కచుడు బాక్సర్ జాతి కుక్క. వయసు 7 ఏళ్ళు. బరువు 31 కిలోలు. ఒళ్ళంతా బెల్లం రంగు, ఛాతీ మీద తెల్లమచ్చ. నల్లటి చప్పిడి ముక్కు. మొహం చూస్తే అప్పులవాడు ఇప్పుడే వచ్చి వెళ్ళినట్టుంటుంది గానీ, లోపలంతా వెన్న.

ఆ పేరు పెట్టింది నాన్న. 2 నెలల పిల్లగా ఇంటికొచ్చిన రోజున, పెట్టిందంతా నిమిషంలో ఊదేసి, గిన్నె నాకి, గిన్నె కింద నేల కూడా నాకి, ఇంకేదీ అన్నట్టు తలెత్తి చూశాడు. 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు గారు విడిదింట్లో వంటలన్నీ ఒక్కరే లాగించే సీను గుర్తుంది గదా! "వీడు ఘటోత్కచుడేరా!" అన్నాడు నాన్న. పేరు ఖాయమయిపోయింది.

అన్నట్టు, కె.వి. రెడ్డి గారు ఆ భోజనం వరకే చూపించారు. అన్ని గారెలు, అన్ని లడ్లు, అన్ని అప్పడాలు తిన్నవాడికి ఆ రాత్రి ఏమయిందో చూపించలేదు. ఆ తరువాతి రీలు మా ఇంట్లో రోజూ ఆడుతోంది!

మాది విశాఖపట్నంలో ఓ ఫ్లాటు. కిటికీ తెరిస్తే సముద్రపు గాలి వస్తుందని నాన్న అద్దె కాస్త ఎక్కువైనా తీసుకున్నాడు. గాలి వస్తుంది, నిజమే. కాని ఎదురుగాలి కూడా ఉంటుందని అప్పటికి తెలీదు.

మా వాడి టైమింగు చూస్తే ఏ కమెడియనైనా చేతులు జోడించాల్సిందే. టీవీలో తల్లీ కొడుకులు పాతికేళ్ళ తరువాత కలుసుకుంటున్నారు. అమ్మ కొంగు కళ్ళకి ఒత్తుకుంటోంది. సంగీతం ఆగింది. ఆ నిశ్శబ్దంలో సోఫా కింద నించి... బుర్ర్‌ర్! వెంటనే మా హీరో ఉలిక్కిపడి లేస్తాడు. వెనక్కి తిరిగి తన తోక వంకే ఆశ్చర్యంగా చూస్తాడు. తరువాత మా అందరి వంకా ఒకసారి "ఛీ, ఏం మనుషులర్రా మీరు!" అన్నట్టు చూసి, గది వదిలి వెళ్ళిపోతాడు. కంపు మటుకు మాకు వదిలేసి!

మా బామ్మ దీనికో సిద్ధాంతం చెప్పింది. మోతతో వచ్చేదానికి భయపడక్కర్లేదట. మోత లేకుండా వచ్చేదే ప్రాణాల మీదికి తెస్తుందట. 7 ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, అక్షరాలా నిజం.

మా ఇంట్లో ఇంకో తమాషా. వీడొచ్చాక నేరాలన్నీ వీడి ఖాతాలోకే పోతున్నాయి. ఎక్కడ ఏ చప్పుడు వినిపించినా నాన్న పేపరు దించకుండానే "ఒరేయ్ ఘటోత్కచా!" అని గదమాయిస్తాడు. "వాడు బాల్కనీలో ఉన్నాడురా నాయనా" అంటుంది బామ్మ.

ఈ తగువు తేల్చడానికే నాన్న గోడ క్యాలెండరులో లెక్క రాయడం మొదలెట్టాడు. తిథి పక్కన, నక్షత్రం కింద, పెన్సిల్‌తో గీతలు. సాక్షి ఉంటేనే గీత. రోజుకి 8, 9 మామూలు. రికార్డు 19! అది ముక్కనుమ నాడు. ముందురోజు, కనుమ నాడు మినుము తినాలి కదా అని బామ్మ చాటుగా వాడికి గారెలు తినిపించింది. ఉల్లిపాయ లేని గారెలు గనక సరిపోయింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం లెక్క.

తెర మీద కుక్కలకి పొట్ట ఉండదా?

సినిమా చరిత్రలో కుక్కలు తక్కువవేం కావు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఫ్రాన్స్ యుద్ధభూమిలో ఓ అమెరికన్ సైనికుడికి దొరికిన కుక్కపిల్ల రిన్-టిన్-టిన్ హాలీవుడ్‌లో పెద్ద స్టారయి కూర్చుంది. 1943 నాటి 'లాసీ' సినిమాలో ఆడకుక్క వేషం వేసింది పాల్ అనే మగకుక్క. 1994లో 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో చివరికి కథని ఒడ్డెక్కించింది టఫీ. 2022లో '777 చార్లీ' చూసి కర్చీఫు తడపనివాళ్ళెవరు? 2023లో 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' అనే ఫ్రెంచి సినిమాలో మెస్సీ అనే కుక్క మందు మింగి పడిపోయినట్టు నటించి, కాన్స్ పండగలో కుక్కలకిచ్చే 'పామ్ డాగ్' బహుమతి కొట్టేసింది.

ఇవన్నీ మనుషుల్ని కాపాడతాయి, ఉత్తరాలు మోస్తాయి, యజమాని కోసం ప్రాణాలిస్తాయి. కాని నేను చూసిన ఈ సినిమాల్లో ఏ ఒక్క కుక్కకీ కడుపులో గ్యాసు లేదు! మనుషులకైతే ఆ సీను పెట్టినవాళ్ళున్నారు. 1974లో మెల్ బ్రూక్స్ 'బ్లేజింగ్ శాడిల్స్' తీసి, మంట చుట్టూ కూర్చుని చిక్కుడుగింజలు తింటున్న కౌబాయ్‌లందరి చేతా వరసగా కచేరీ చేయించాడు. అది టీవీలో వేసినప్పుడు శబ్దాలు తీసేశారు!

తెర మీది కుక్కకి మనం చప్పట్లు కొడతాం, ఇంటికొస్తాం. ఇంట్లో కుక్కతో వ్యవహారం వేరు. దానితో కాపురం చేయాలి.

పెళ్ళిచూపుల సీను

మా అక్క పెళ్ళిచూపుల రోజున అసలు గండం వచ్చింది. మా పెదనాన్న ముందే హెచ్చరించారు. "వాణ్ణి వెనకగదిలో పెట్టి గొళ్ళెం పెట్టండి. సంబంధం మంచిది. చెడిందంటే ఈ కుక్కని ఇంట్లో ఉంచేది లేదు, తెలిసినవాళ్ళ తోటకి పంపించేస్తాను." పెదనాన్న మాటంటే మా ఇంట్లో సుగ్రీవాజ్ఞ.

గొళ్ళెం పెట్టాం. కాని ఆ గదిలోనే పెట్టిన పళ్ళబుట్ట కోసం ఎవరో వెళ్ళారు. అంతే! ఎప్పుడు దూరాడో ఏమో, పెళ్ళికొడుకు తండ్రి కూర్చున్న సోఫా కిందికి చేరిపోయాడు.

అక్క కాఫీలు తెచ్చింది. అందరి చేతుల్లో కప్పులు. అప్పుడు మొదలయింది, బామ్మ చెప్పిన ఆ రెండో రకం. చప్పుడు లేదు. ముందు పెళ్ళికొడుకు మేనమామ ముక్కు కదిలింది. ఆయన మెల్లగా పెళ్ళికొడుకు తండ్రి వంక చూశారు. ఆయన మేనమామ వంక చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇద్దరూ ఒకేసారి కుర్చీల్లో సర్దుకున్నారు. పెదనాన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. నాన్న కాఫీ కప్పులోకి చూస్తూ అందులో మునిగిపోతే బాగుండుననుకుంటున్నాడు.

అప్పుడు... బుర్ర్‌ర్! మామూలుగానే మా వాడు ఉలిక్కిపడి సోఫా కింద నించి బయటికొచ్చాడు. తోక వంక చూసుకున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి మొహంలోకి నిందగా ఒక చూపు చూశాడు. గంభీరంగా నడిచి వెళ్ళిపోయాడు.

రెండు క్షణాలు సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. తరువాత పెళ్ళికొడుకు పకాలున నవ్వాడు. కాఫీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు. అది చూసి, అంతసేపూ నేల చూపులు చూస్తున్న అక్క కూడా ఆపుకోలేక నవ్వేసింది. ఇంకెవరాగుతారు?

సాయంత్రం వాళ్ళింటి నించి ఫోను. పెళ్ళికొడుకు తండ్రే మాట్లాడారు. "బావగారూ, నిండు సభలో నింద పడబోయి నిర్దోషిగా బయటపడ్డాను. మా వాడికి అమ్మాయి నచ్చింది. అమ్మాయి నవ్వు మాకందరికీ నచ్చింది. ముహూర్తాలు పెట్టించండి!"

తోట సంగతి పెదనాన్న మళ్ళీ ఎత్తలేదు. పెళ్ళయి బెంగుళూరు వెళ్ళిన అక్క ఫోను చేస్తే, వెనక నించి బావ గొంతు ముందు వినిపించేది: "ఇవాళ స్కోరెంత?"

గాలి ఎక్కడి నించి వస్తుంది?

నవ్వుకోవడం సరే, ఇది జబ్బేమోనని ఓసారి పశువుల డాక్టరు గారికి చూపించాం. ఆయన వాడి చప్పిడి ముక్కు పట్టుకుని చెప్పారు. బాక్సర్, పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి కుక్కలు తినేటప్పుడు, రొప్పేటప్పుడు గాలి ఎక్కువ మింగేస్తాయట. గబగబా తినేవాటికి మరీను. ఆ పైన, అరగని పదార్థం పెద్దపేగులో చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఇంకొంత గ్యాసు చేస్తాయి. చాలా కుక్కలకి పెద్దయ్యాక పాలల్లో చక్కెర సరిగా అరగదు. పప్పులు, చిక్కుళ్ళు, క్యాబేజీ ఉంటే చెప్పనే అక్కర్లేదు. బామ్మ మొహం పక్కకి తిప్పుకుంది. పాలన్నం, ముద్దపప్పు సరఫరా శాఖ ఆవిడదే!

విచిత్రమేమిటంటే, బయటికొచ్చే గ్యాసులో చాలా భాగానికి అసలు వాసనే ఉండదు. నైట్రోజన్, హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు లాంటివి ఎక్కువ. కంపు కొట్టే గంధకపు వాయువులు నూటికి ఒక వంతు కూడా ఉండవు. ఆ పిసరే అంత పని చేస్తుంది! 1892లో పారిస్‌లోని మూలాన్ రూజ్‌లో జోసెఫ్ పుజోల్ అనే ఆయన వెనకవైపు నించి గాలి లోపలికి పీల్చి, వదులుతూ రాగాలు పలికించి జనాన్ని విరగబడి నవ్వించేవాడు. అది వట్టి గాలి గనక కంపు లేదు. ఆయన అసలు వృత్తి రొట్టెలు కాల్చడం!

మరో సంగతి. 2001లో ఇంగ్లండ్ పరిశోధకులు కుక్కలకి ప్రత్యేకమైన కోటు తొడిగి, తోక కింద గొట్టం అమర్చి, వచ్చే గంధకపు వాయువుని కొలిచారు. వాసనకి మార్కులు వేయడానికి ఓ మనిషిని కూడా పెట్టారు. ఆ ఉద్యోగం ఎలాంటిదో ఆలోచించండి! బొగ్గుపొడి, యక్కా అనే మొక్క, జింకు కలిసిన బిళ్ళలు పెడితే కంపు బాగా తగ్గిందట. లెక్క మాత్రం తగ్గలేదట.

లేచేటప్పుడు డాక్టరు గారు ఒక మాటన్నారు. "గ్యాసుతో పాటు విరేచనాలు, వాంతులు, బరువు తగ్గడం ఉంటే తీసుకురండి. లేకపోతే నవ్వుకోండి. కాని ఒకటి గుర్తుంచుకోండి. ఈ జాతికి ఛాతీ లోతుగా ఉంటుంది. గ్యాసు వస్తే భయం లేదు. రావాల్సినప్పుడు రాకపోతేనే భయం."

గీత లేని రాత్రి

పోయిన ఏడాది వర్షాకాలం. రాత్రి పదవుతోంది. నాన్న అలవాటుగా పెన్సిల్ తీసుకుని క్యాలెండరు దగ్గరికెళ్ళి ఆగిపోయాడు. "ఏమర్రా, భోజనమయ్యాక వీడు ఒక్కటీ వదల్లేదేం?"

అన్నం తిన్న రెండున్నర గంటల్లో వాడికి కనీసం మూడు, నాలుగు గీతలు పడాలి. ఎవరం వినలేదు. అప్పుడు చూశాం వాణ్ణి. ఒకచోట నిలవడం లేదు. గది ఈ మూల నించి ఆ మూలకి తిరుగుతున్నాడు. చొంగ కారుతోంది. వాంతికి ప్రయత్నిస్తున్నాడు, నురగ తప్ప ఏమీ రావడం లేదు. నాన్న పొట్ట మీద వేలితో తట్టాడు. డప్పులా మోగింది.

డాక్టరు గారి మాట అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఎదురింటాయన కారు తీశారు. వానలో దారంతా నాన్న వాడి తల ఒళ్ళో పెట్టుకుని "ఒక్కటి వదలరా నాన్నా, ఒక్కటి" అంటూనే ఉన్నాడు. మామూలు రోజుల్లో ఆ మాట వింటే పడి పడి నవ్వేవాళ్ళం. ఆ రాత్రి ఎవరికీ నవ్వు రాలేదు.

ఎక్స్-రే తీశారు. కడుపు గ్యాసుతో ఉబ్బి మెలి తిరిగిపోయింది. మెలి పడితే పై దారీ మూసుకుపోతుంది, కింది దారీ మూసుకుపోతుంది. గ్యాసు ఎటూ పోలేదు. రక్తనాళాలు నొక్కుకుపోతాయి, గుండె మీద భారం పడుతుంది. గంటల్లో ప్రాణం పోతుంది. ముందు గ్యాసు తీసి, అర్ధరాత్రి ఆపరేషన్ చేశారు. మెలి విప్పి, మళ్ళీ తిరగకుండా కడుపుని పొట్ట గోడకి కలిపి కుట్టారు. "తెల్లారి చూద్దాంలే అనుకునుంటే..." అని డాక్టరు గారు వాక్యం పూర్తి చెయ్యలేదు.

రెండు రోజులు వాడు కళ్ళు తెరిచి మూసుకోవడం తప్ప కదల్లేదు. బెంగుళూరు నించి అక్కా బావా దిగారు. బావ స్కోరు అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం. ఆస్పత్రి గదిలో అందరం గోడ వారగా కూర్చున్నాం. ఎవరం మాట్లాడుకోవడం లేదు. సన్నగా, వణుకుతూ, ఈల నేర్చుకుంటున్న పిల్లాడి ఊదులా... ఒక్క చప్పుడు! ఘటోత్కచుడు మెడ తిప్పే ఓపిక లేక, కళ్ళు మాత్రం తోకవైపు తిప్పి ఆశ్చర్యంగా చూశాడు.

బావ ఈల వేశాడు. అక్క ఏడుస్తూ నవ్వింది. బామ్మ రెండు చేతులూ జోడించింది. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చి సంగతి విని, "పేగులు పని మొదలెట్టాయి, ఇంక ఫరవాలేదు" అన్నారు. కంపు ఉందా అంటే, ఉంది. ఆ రోజు ఎవరూ ముక్కు మూసుకోలేదు.

ఇప్పుడు వాడికి ఒకేసారి బోలెడు తిండి పెట్టడం లేదు, రోజుకి మూడుసార్లు కొంచెం కొంచెం. గబగబా మింగకుండా లోపల మెట్టలు మెట్టలుగా ఉండే పళ్ళెం. తిన్నాక గంట దాకా పరుగులు, గెంతులు బంద్. పాలు, పప్పు బంద్. బామ్మ మీద నిఘా. స్కోరు 3కి, 4కి పడిపోయింది. "వీడు మరీ పెద్దమనిషయిపోయాడర్రా" అని బామ్మ బాధపడుతోంది. తగ్గిన వాటిలో కొన్ని అసలు ఎవరివో ఇప్పుడు తేలిపోతున్నాయి గనక నాన్న కూడా బాధపడుతున్నాడు!

కొత్త సంవత్సరం వచ్చినా పాత క్యాలెండరు నాన్న పారేయలేదు. బీరువా తలుపు లోపల తగిలించాడు. అందులో గీతలు సగంలో ఆగిపోయిన గడి ఒకటుంది. దాని పక్కన రెండు గడులు పూర్తిగా ఖాళీ. ఆ పక్క గడిలో ఎర్ర పెన్సిల్‌తో ఒకే ఒక్క గీత. ఆ గీత కింద, బామ్మ చెప్పి మరీ రాయించిన మాట: 'శుభం'.